ఎలుగు వేళ, ఆవు వేళ

పొద్దున్న ఎనిమిది దాటితే గానీ మా సాలలో పలుపులు విప్పను. పాలు తీయడం ఐదున్నరకి అయిపోతుంది, పేడ ఎత్తడం ఆరున్నరకి. ఆ తర్వాత గంటన్నర సేపు ఆవులు నా వంకే చూస్తూ నిలబడతాయి. చిట్టూ తవుడూ కలిపిన కుడితి ముందు పెట్టి వాటి చూపు తప్పించుకుంటాను. ఎదురింటి పిన్ని రోజూ అదే మాట: "నీ గొడ్లు ఆఫీసుకెల్తాయేటమ్మా, ఎనిమిదింటికి గానీ కదల్వు!" నవ్వితే నవ్వింది గానీ, ఆవిడ మనవడు కూడా ఇప్పుడు ఎనిమిదికే తోలుతున్నాడు.

మాది శ్రీకాకుళం జిల్లా మందస మండలంలో కొండ కింద ఊరు. పెరట్లో నిలబడి పడమర చూస్తే మహేంద్రగిరి, తూర్పున జీడితోటలు, కొబ్బరితోటలు, వాటి వెనకాల సముద్రం. నాకున్నది నాలుగెకరాల జీడితోట, ఎకరం పల్లం, తొమ్మిది పశువులు. రెండు గేదెలు, మూడు ఆవులు, జత ఎడ్లు, ఒక పెయ్య, ఒక పాలుతాగే దూడ. హైదరాబాదులో ఉంటున్న మా అబ్బాయి ఒకసారి ఫోనులో విదేశాల్లో పశువుల పెంపకం చూపించాడు. గుర్రాల మీద మనుషులు, కనుచూపు మేర కంచె, లెక్కలేనన్ని గొడ్లు. "నీదీ ఇదేనమ్మా, చిన్న సైజు" అన్నాడు. కాదు నాయనా అన్నాను. వాళ్ళకి కంచె ఉంది. మనకి ఎలుగుబంట్లున్నాయి.

నేను కాపరానికి వచ్చిన కొత్తలో తెల్లారి ఐదింటికే ఆవుల్ని తోలుకు పోతుంటే మావగారు గుమ్మం దగ్గర ఆపేశారు. "ఎలుగు ఇంకా కొండెక్కనేదు. అప్పుడే ఎక్కడికి తోల్తావమ్మా?" పుట్టిన దగ్గర్నుంచీ పశువులతోనే బతికిన మనిషాయన. కొండకీ ఊరికీ మధ్య ఉన్నది ఒకే దారి, ఒకే గెడ్డ (వాగు), అవే తోటలు. గీత గీసి ఇది మాది, అది మీది అని ఎలుగుకి చెప్పలేం. కానీ వేళలు పంచుకోవచ్చు. మావగారి దగ్గర నేను నేర్చుకున్నది ఇదొక్కటే, మిగతావన్నీ దీని మీద కట్టుకుంటూ వచ్చినవే.

వేళలు పెట్టుకోవడం

ఎలుగుబంటికి చూపు తక్కువ, వినికిడీ అంతంత మాత్రమే. ముక్కు మాత్రం గట్టిది. చెదపుట్ట తవ్వుకుంటున్నప్పుడో పనసపండు తింటున్నప్పుడో మనిషి బాగా దగ్గరికి వచ్చేదాకా దానికి తెలీదు. తెలిసిన క్షణంలో బెదురుతుంది, బెదిరితే మీద పడుతుంది. పశువుని తినడానికి రాదు, మనిషినీ తినడానికి రాదు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు ఒకరిని చంపి మరికొందరిని గాయపరిచినప్పుడు మా ఊళ్ళో కూడా వారం రోజులు ఎవరూ తోట మొహం చూడలేదు. ఆ వారం తర్వాత ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న, ఎందుకంటే గొడ్డుకి వారం ఆకలి ఆగదు కదా.

చీకటి పడుతుండగా ఎలుగు దిగుతుంది. రాత్రంతా తోటల్లో తిరిగి పొద్దెక్కేసరికి కొండ మీద బండల సందుల్లోకో, దట్టమైన పొదలోకో పోయి పడుకుంటుంది. అందుకని పశువులు బయట ఉండాల్సింది ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా. జీడిపళ్ళు పండే మార్చి నుంచి పనసపళ్ళు అయిపోయే జూన్ దాకా ఇంకో అరగంట ముందే మళ్ళించండి. ఆ నెలల్లో దానికి ఆకలి కంటే ఆశ ఎక్కువ.

ముందు నడిచే ఆవు మెడలో గంట కట్టండి. గంట మీదే భారం వేయకండి, మీరూ మాట్లాడుతూ నడవండి. నేను ఆవులతో ఊరి సంగతులన్నీ చెప్పుకుంటూ పోతాను, అవి ఎవరికీ చెప్పవు. ఫోను చూసుకుంటూ మాత్రం తోటలోకి అడుగు పెట్టొద్దు. దారికి రెండు వైపులా రెండేసి బారల మేర పొదలు కొట్టి శుభ్రంగా ఉంచండి. తోటంతా నున్నగా గీకేయనక్కర్లేదు. కొండ వైపు మూల పొదలు అలాగే వదిలేస్తే పగలు ఎలుగు దాక్కున్నా అక్కడే దాక్కుంటుంది, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో మీకూ తెలుస్తుంది.

కుక్కని వెంట తీసుకెళ్తే ధైర్యం అనుకుంటారు. నా మాట వినండి, వద్దు. కుక్క పోయి ఎలుగుని రెచ్చగొట్టి, అది తిరగబడగానే తోక ముడిచి యజమాని కాళ్ళ దగ్గరికే పరిగెత్తుకొస్తుంది. వెనకాలే ఎలుగు. కుక్క సాల దగ్గర కాపలాకి ఉండాలి, దానికి ఏటా రేబీస్ సూది పడాలి.

జీడి వేళలో ఇంకో పని. గింజ తీసుకుని పళ్ళు చెట్టు కిందే కుప్పపోసి వదిలేయడం మనకి అలవాటు. మూడు రోజులకి పులిసి ఆ వాసన కొండ దాకా పోతుంది. ఎలుగుని పిలిచి పీట వేసినట్టే. ఇంటి వైపు చెట్ల కింద పళ్ళు ఏ రోజువి ఆ రోజే ఎత్తేస్తాను. తాజావి సగం తట్ట, గింజ లేకుండా, పెద్ద పశువులకి ఎండుగడ్డిలో కలిపి పెడతాను. పులిసినవి పెట్టకండి, పశువుకి కడుపు ఉబ్బుతుంది. గింజ పెంకులో జిడ్డు నోరు కాలుస్తుంది కనుక ఒక్కటి కూడా తట్టలో ఉండకూడదు. మిగిలినవి గెత్తం (పశువుల ఎరువు) గుంతలోకి. కొండ అంచున ఉన్న ఆరేడు చెట్ల పళ్ళు మాత్రం నేను ఎత్తను. గింజలు ఏరుకుని పళ్ళు అక్కడే వదిలేస్తాను. మావగారి కాలంలో దాన్ని ఎలుగు వాటా అనేవారు. వాటా అక్కడే దొరికితే ఇంటి దాకా రాదా అంటే, ఒకోసారి వస్తుంది. తక్కువగా వస్తుంది.

గడ్డిని వాటాలుగా తిప్పడం

2018 అక్టోబరు 10 రాత్రి మొదలై 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటింది. ఆ గాలికి మా తోటలో నిలబడ్డ జీడిచెట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. కొబ్బరి చెట్లు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. సాల కప్పు కింద పడి రెండు ఆవులు పోయాయి. ముప్పై ఏళ్ళ చెట్టు పోతే దాని డబ్బులు ఎవరిచ్చినా ఆ నీడ ఎవరివ్వగలరు?

మరుసటి వానాకాలం నీడ లేని ఆ నేలలో గడ్డి మోకాలెత్తు పెరిగింది. ఊళ్ళో అందరూ గొడ్లని ఎడాపెడా వదిలేశారు. నేనూ వదిలాను. ఆగస్టుకి నేల బోడిగుండు. పశువు ఎప్పుడూ లేత గడ్డినే వెతుకుతుంది. కొరికిన చోట నాలుగు రోజులకి పిలక వస్తే మళ్ళీ దాన్నే కొరుకుతుంది. మంచి గడ్డి వేరుతో సహా చస్తుంది, ముట్టుకోని ముళ్ళ మొక్కలు బలుస్తాయి. ఇంత చిన్న సంగతి అర్థం కావడానికి నాకు ఒక వానాకాలం పట్టింది.

ఇప్పుడు నాలుగెకరాలూ నాలుగు వాటాలు. కొండ వాటా, నూతి వాటా, తాడి వాటా, కల్లం వాటా. కంచెలేమీ లేవు. మధ్యలో రాళ్ళు పాతాను, అవి నాకే గానీ పశువుకి కనపడవు. పశువుని ఆపేది గుంజా, పొడుగు పలుపూ. ఒక్కో గుంజకి ఒక పశువు, పలుపు ఐదు బారలు, మధ్యాహ్నం ఒకసారి గుంజ పీకి పక్కకి పాతుతాను. జూన్ నుంచి అక్టోబరు దాకా ఒక్కో వాటాలో పది రోజులు. అలా మూడు వాటాలే తిప్పుతాను, కాబట్టి మేసిన చోటుకి మళ్ళీ వచ్చేసరికి ఇరవై రోజులు గడుస్తాయి. రోజుల లెక్క ఊరికే గుర్తుకోసం. అసలు కొలత చెయ్యి. నేల మీద చెయ్యి అడ్డంగా పెట్టండి. గడ్డి నాలుగు వేళ్ళ ఎత్తుకి దిగిందా, పది రోజులు కాకపోయినా అక్కణ్ణుంచి లేపేయండి. వాన సరిగా లేని ఏడు ఆరు రోజులకే లేపాల్సి వస్తుంది. అప్పుడు సాలలో కట్టి పెట్టాలి, వేరే దారి లేదు.

నాలుగో వాటాని అక్టోబరు దాకా ముట్టుకోను. ఏటా అది మారుతుంది, నిరుడు తాడి వాటా, ఈ ఏడు నూతి వాటా. ముందు ఇది గడ్డి గింజ రాలడం కోసమే చేశాను. అందులో ఏం చేరుతున్నాయో చూసింది తర్వాత. పూరేడు పిట్టలు గుడ్లు పెట్టాయి. కౌజులు పిల్లల్ని వేసుకుని చెదపుట్టల చుట్టూ తిరిగాయి. గిజిగాళ్ళు పొడుగు గడ్డి చీల్చుకుపోయి గట్టు మీది తాటిచెట్టుకి గూళ్ళు అల్లాయి. చెవులపిల్లి ఒకటి నా కాళ్ళ ముందునించే ఉరికింది. కొత్త జీడి మొక్కల మొదళ్ళకి చెద పట్టడం ఆ వైపు తగ్గింది. అది కౌజుల పుణ్యమో, గడ్డి నీడలో నేల తడి నిలిచినందుకో తేల్చలేను గానీ, కౌజుని పట్టేవాళ్ళు ఉచ్చులతో వస్తే తరిమేస్తున్నాను.

అక్టోబరు ఆఖరికి ఆ గడ్డి కోసేటప్పుడు అంచుల నుంచి లోపలికి కోయకండి. అలా కోస్తే లోపలున్న ప్రాణులన్నీ నడి మధ్యకి చేరి చివరికి కొడవలి కిందే పడతాయి. మధ్యలో మొదలుపెట్టి బయటికి కోస్తూ రండి, అవి వాటంతటవే గట్ల వైపు తప్పుకుంటాయి. పాములకి కూడా ఇదే దారి. మీ కాళ్ళకీ మంచిది.

తీతువు మాత్రం గడ్డిలో పెట్టదు, రాళ్ళూ గులకా ఉన్న బోడి నేల మీదే గుడ్లు పెడుతుంది. గుడ్డు కూడా రాయిలాగే ఉంటుంది. ఎండాకాలంలో మీరు గుంజ పాతబోతుంటే తలమీద తిరుగుతూ గోల పెట్టిందంటే అక్కడ గుడ్లున్నట్టే, ఇంకో పది బారలు అవతల పాతండి. తీతువు కూస్తే చావు కబురు అంటారు మా వైపు. మా తోటలో రోజూ కూస్తుంది, అందరం బతికే ఉన్నాం.

ఫిబ్రవరి, మార్చిల్లో ఎండిన గడ్డికి నిప్పు పెట్టేవాళ్ళకి ఒక్కటే చెప్తాను: అది మీ పశువు మే నెల మేత.

నిజం చెప్పాలంటే ఈ నాలుగెకరాలు తొమ్మిదింటికి చాలవు. సగం మేతే ఇక్కడ. మిగతా సగానికి సాల కడిగిన నీళ్ళు పారే చోట పది సెంట్లలో నేపియర్ గడ్డి పెట్టాను. రెండు కణుపుల ముక్కలు పాతితే రెండున్నర నెలలకి మొదటి కోత, తర్వాత నెలన్నరకొకటి. గట్ల మీద ఆకుమేతకి అవిస, గ్లిరిసీడియా చెట్లు. పల్లంలో వరి కోసే ముందు తడి ఆరకుండానే పిల్లిపెసర చల్లుతాను, అది జనవరికి మేతకొస్తుంది. జీడి మొక్కల మధ్య స్టైలో హమాటా అనే పప్పుజాతి మేత మొక్క. దాని సంగతి చివర్లో.

తీగ

2019లో మా మరిది అడవిపందుల కోసం తన వేరుశెనగ చేను చుట్టూ కరెంటు తీగ లాగాడు. రాత్రి స్విచ్ వేసి, తెల్లారి తీసేస్తానన్నాడు. ఒకరోజు తీయడం మర్చిపోయాడు. ఆ రోజు నేనూ వేళ తప్పాను. పక్క ఊళ్ళో పెళ్ళికి పోవాలని ఏడింటికే తోలేశాను. మా పెయ్య ముందు నడిచింది. మొదటి చూలుకి ఇంకో నాలుగు నెలలుందనగా గట్టు మీదే పడిపోయింది. నేను దాని వెనకాల ఆరడుగుల్లో ఉన్నాను.

మరిదితో రెండేళ్ళు మాట్లాడలేదు. ఆ తర్వాత 2023 మేలో భామిని మండలంలో కరెంటు తగిలి నాలుగు ఏనుగులు ఒక్కచోటే పోయాయి. టీవీలో చూసి అతనే మా ఇంటికొచ్చి కూర్చున్నాడు, ఏమీ అనలేదు. ఒడిశా వైపు నుంచి ఏనుగులు 2007లో మన జిల్లాల్లోకి దిగాయి, మళ్ళీ 2018లో వచ్చినవి పార్వతీపురం వైపే ఉండిపోయాయి. అటువైపు పశువులు పెంచేవాళ్ళు సాలలో ధాన్యం, బెల్లం, ఇప్పపువ్వు, ఉప్పు బస్తాలు దాచకూడదు. ఏనుగు ఆ వాసనకే గోడ తోసుకొస్తుంది, గొడ్డు కోసం రాదు.

పందులకి తీగ బదులు ఏం చేయాలంటే, ఈతమట్టలు, ముళ్ళకంప దట్టంగా కట్టిన గట్టు. స్తోమత ఉంటే సోలార్ కంచె, అది సరైన యంత్రంతో పెట్టించుకున్నదైతే ఝల్లుమనిపిస్తుంది గానీ చంపదు. స్తంభం నుంచి నేరుగా లాగే తీగ నేరం కూడాను, పశువు పోతే పరిహారం అడగడానికి మొహం కూడా ఉండదు.

పులి, చిరుత సంగతి వేరే. ఒడిశా అడవుల నుంచి అప్పుడప్పుడూ మన వైపు దిగుతుంటాయి. రాత్రి పశువు సాలలో, తలుపు వేసి ఉంటే ముప్పాతిక భయం తీరినట్టే. దూడల్ని లోపలి వైపు కట్టండి. ఒకవేళ పశువు పోతే కళేబరాన్ని కదపొద్దు, లాగొద్దు, ఫొటోలు తీసి అటవీ బీటు అధికారికి వెంటనే కబురు పెట్టండి. పశువైద్యుడి కాగితం, చెవి పోగు నంబరు చేతిలో ఉంచుకోండి. కోపంతో కళేబరం మీద విషం చల్లితే పరిహారం పోతుంది. నక్కలూ కాకులూ ఊరి కుక్కలూ కూడా పోతాయి.

పేడ, పిట్ట, సూది

పేడ కడిని మర్నాడు పుల్లతో తిప్పి చూడండి. కింద బొరియలు, మధ్యలో పేడపురుగులు ఉంటే మీ నేల బాగున్నట్టు. అవి పేడని మట్టిలోకి దించుతాయి, ఈగలకి చోటు మిగల్చవు. వాటి కోసం పాలపిట్ట వస్తుంది, గోరింకలు వస్తాయి. పసులపోలిగాడు ఎలాగూ ఎద్దు వీపు మీదే కాపురం, గొడ్డు నడుస్తుంటే లేచే పురుగుల్ని గాల్లోనే పట్టేస్తాడు. తెల్లకొంగలు కాళ్ళ దగ్గర. నాకు వీళ్ళంతా జీతం లేని కంబార్లు.

మూడేళ్ళ కిందట వీళ్ళు నా తోటకి రావడం మానేశారు. ఎందుకో అర్థం కాలేదు. పేడ కడులు వారం తరబడి అప్పడాల్లా ఎండిపోయి అలాగే ఉండేవి. అప్పుడు గుర్తొచ్చింది, గోమార్లు (పిడుదులు) ఎక్కువయ్యాయని ఒక మందుల షాపతను చెప్తే తొమ్మిదింటికీ ఒకేసారి ఐవర్‌మెక్టిన్ సూదులు వేయించాను. ఆ మందు పేడలో దిగుతుంది, పేడపురుగు పిల్లల్ని చంపుతుంది. అప్పట్నుంచీ నా పద్ధతి ఇది. ముందు పేడ పరీక్ష. పశువుల ఆసుపత్రిలో చేస్తారు, చిన్న డబ్బాలో తాజా పేడ పట్టుకెళ్తే చాలు. అవసరమైన పశువుకే మందు. ఐవర్‌మెక్టిన్ తప్పదంటే ఆ పశువుని మూడు వారాలు సాలలోనే మేపి, ఆ పేడంతా గెత్తం గుంతలో పూడ్చేస్తాను. మామూలు నులిపురుగులకి డాక్టరు ఫెన్‌బెండజోల్ రాస్తారు, అది పేడపురుగుకి అంత కీడు చేయదు. ఆల్బెండజోల్ అయితే చూడి కట్టిన మొదటి నెలల్లో ఇవ్వకూడదు. గోమార్లకి సాలలో నాలుగు నాటుకోళ్ళని వదిలాను, గోడ పగుళ్ళు సున్నంతో పూడ్చాను. మందు పూర్తిగా పోలేదు, తగ్గింది.

నొప్పి సూది విషయంలో మొహమాటపడొద్దు, సూది వేసేవారిని పేరు అడగండి. నా చిన్నప్పుడు గొడ్డు చచ్చి ఊరి బయట పడేస్తే గంటలో ఆకాశం నిండా రాబందులు. ఇప్పుడు మా మనవరాలికి బొమ్మలో చూపించాలి. డైక్లోఫెనాక్ వేసిన పశువు చనిపోతే, దాన్ని తిన్న రాబందుకి కిడ్నీలు పాడై చస్తుంది. కిడ్నీల మాట, ఊరూరా ఆ జబ్బు చూస్తున్న మా ఉద్దానం వాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. పశువులకి ఆ మందు 2006లోనే నిషేధించారు, 2023లో కీటోప్రోఫెన్, అసిక్లోఫెనాక్ కూడా. మెలాక్సికామ్ వాడొచ్చు, అది రాబందుకి కీడు చేయదు, పశువుకీ బాగా పనిచేస్తుంది. మనుషుల డైక్లోఫెనాక్ తెచ్చి పశువుకి పొడిచేవాళ్ళు ఇంకా ఉన్నారు. మీ సాలలో మాత్రం పొడవనివ్వకండి.

ముక్కులోంచీ వెనకనుంచీ నల్లటి రక్తం కారుతూ హఠాత్తుగా చచ్చిన పశువుని కోయొద్దు, తోలు తీయొద్దు. దొమ్మ (ఆంత్రాక్స్) కావచ్చు, మనిషికీ అంటుకుంటుంది. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి, ముందు డాక్టరుకి చెప్పాలి. సంచార వైద్యం బండి కావాలంటే 1962కి ఫోను.

టీకాలు ఎవరూ మానకూడదు. వానలకి ముందు గొంతువాపు, జబ్బవాపు. గాలికుంటుకి ఆరు నెలలకొకటి. గాలికుంటు మన పశువు నుంచి అడవిపందికి, కణుజుకి, దుప్పికి పోతుంది, మళ్ళీ వాటి నుంచి వెనక్కి రావచ్చు.

జలగ వ్యాధి గురించి ఒక పొరపాటు సరిచేయాలి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో చింతచెట్ల మీద గూళ్ళు కట్టే నత్తగుల్ల కొంగలు వానాకాలంలో మా పల్లాలకి కూడా దిగుతాయి. కార్జం (కాలేయం)లో చేరే జలగ నత్త ద్వారానే వస్తుందని వాళ్ళూ వీళ్ళూ చెప్పగా విని, కొంగలు నత్తలు తినేస్తున్నాయి కదా, ఇంక మందెందుకని ఒక ఏడు మానేశాను. దవడ కింద నీరు దిగి గేదె చిక్కిపోయింది. డాక్టరు నవ్వి చెప్పారు: కొంగ తినేది పెద్ద గుల్ల, జలగని మోసేది చిన్న నత్త. కొంగలు రావాలి, వాటి కోసం పల్లంలో గుళికల మందు మానేశాను, అందులో మార్పు లేదు. కానీ గేదెకి మందు మాత్రం వేయించాలి. వానాకాలంలో తంపర (నీళ్ళు నిలిచే పల్లపు నేల) అంచున, మోకాలి లోతు తడిలో మేపొద్దు. అక్కడి గడ్డి పైపైన కోసుకొచ్చి రెండు రోజులు ఎండలో వాడనిచ్చి పెట్టండి.

నీళ్ళూ ఎండుగడ్డీ

పాడిపశువు ఎండాకాలంలో రోజుకి అరవై లీటర్ల దాకా తాగుతుంది. వాటిని గెడ్డలోకి దించితే గట్టు విరిగి, ఉన్న కొద్ది నీళ్ళు బురదవుతాయి. నూతి నుంచి పైపు లాగి కల్లం దగ్గర గోలెం నింపుతాను. మార్చి ఆఖరికి గెడ్డలో, ఊరికి దూరంగా, కొండ వైపు రెండు చెలమలు తీయిస్తాను. పగలు ఎవరూ అటు పోరు. రాత్రి ఎవరొచ్చారో తెల్లారి ఇసుకలో అడుగులు చెప్తాయి.

వరిగడ్డి ఒట్టిగా పెడితే కడుపు నిండుతుంది, పాలు నిండవు. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా, అరవై లీటర్ల నీళ్ళు. యూరియా పూర్తిగా కరిగాకే పొరలు పొరలుగా పేర్చిన గడ్డి మీద చల్లి, తొక్కి, గాలి చొరకుండా పాలిథిన్ పట్టా కప్పి మూడు వారాలు ఉంచాలి. పెట్టే ముందు గంటసేపు ఆరనివ్వండి, ఘాటు పోతుంది. ఆరు నెలల లోపు దూడలకి వద్దు. యూరియా నీళ్ళ బకెట్టుని పశువుకి అందే చోట క్షణం కూడా పెట్టొద్దు, తాగితే ప్రాణం మీదికొస్తుంది.

డబ్బుల సంగతి

మందస కోవా పేరు వినే ఉంటారు. కోవా చేసే ఒకాయన నా గేదె పాలు రోజూ ఎనిమిది లీటర్లు పట్టుకెళ్తాడు, పాల కేంద్రం కంటే లీటరుకి నాలుగు రూపాయలు ఎక్కువ. అడవీ పిట్టలూ అని చెప్తే ఆయన ఎక్కువ ఇవ్వలేదు. వెన్న చూసి ఇచ్చాడు. ఆవు పాలు కేంద్రానికే. దాణా బస్తా ఇదివరకు నెలకి నాలుగు కొనేదాన్ని, ఇప్పుడు రెండున్నర. గెత్తం బళ్ళ లెక్కన కొబ్బరితోటల వాళ్ళు పట్టుకెళ్తారు. తిత్లీ తర్వాత కొత్త మొక్కలు పెట్టినవాళ్ళందరికీ గెత్తం కావాలి, గొడ్లున్నవాళ్ళు తక్కువ. పాల కంటే ఇందులోనే నాకు నిలకడ కనపడింది.

నష్టమూ ఉంది. ఎనిమిదికి తోలి నాలుగున్నరకి మళ్ళిస్తే పశువుకి బయట మేత రెండు మూడు గంటలు తగ్గుతుంది. అది సాలలో కోసి వేయాల్సిందే, నడుము మీదే పడుతుంది. ఇంట్లో ఇద్దరైనా చెయ్యి వేసేవాళ్ళు లేకపోతే తొమ్మిది పెట్టుకోకండి, నాలుగుతో మొదలుపెట్టండి.

ఇక హమాటా. గింజ ఎకరానికి నాలుగు కిలోలు. పెంకు గట్టిది, ఊరికే చల్లితే సగం కూడా మొలవదు. నీళ్ళు మరగబెట్టి దించి, బుడగలు ఆగి కాస్త వేడి తగ్గాక గింజ పోసి నాలుగు నిమిషాలు ఉంచి వెంటనే వడకట్టి చన్నీళ్ళలో వేయాలి. నేను మొదటిసారి పొయ్యి మీదే ఉంచి గింజంతా ఉడకబెట్టేశాను, కోళ్ళు తిన్నాయి. జూన్‌లో మొదటి గట్టి వాన పడిన మర్నాడు, నేల పైపైన గీకి, గింజకి నాలుగింతలు ఇసుక కలిపి జీడి మొక్కల మధ్య చల్లండి. మట్టి కప్పక్కర్లేదు. మొదటి ఏడు పూత పూసి గింజ రాలేదాకా ఒక్క పశువుని కూడా ఆ వాటాలోకి పోనివ్వకండి. మీ ఎదురింటి పిన్ని ఎంత నవ్వినా సరే.